వణుకు లెక్క

మార్కాపురం బస్టాండులో అత్తాకోడళ్లు హైదరాబాదు బస్సు కోసం కూర్చున్నారు. కోడలి బ్యాగు అత్త ఒళ్లో ఉంది. ఇవ్వడం లేదు.

“పెళ్లయి నెల కాలేదు. నువ్వు పోకుంటే లోకంలో రక్తం ఇంకిపోతాదా?”

“సోమవారం మా ల్యాబులో మిషన్ నాకిచ్చినారత్తమ్మా. తప్పితే మళ్లా ఎప్పుడో. రక్తంలో ఇనుమును పట్టుకొనుండే హీమ్ ప్రోటీను లోపల కరెంటు లాగుడు ఎంతుందో కొలవాల.”

“మన బోరుకాడ లేని కరెంటు అక్కడ దొరికిందా! మీటరు పెడతారా?”

“మీటరు పట్టదు. చిన్న అణువునొకదాన్ని తెచ్చి ఆ ఇనుముకు తగిలిస్తాం. చుట్టూ లాగుడు ఎట్లుంటే అది అట్ల వణుకుతాది. ఆ వణుకు మిషన్లో చూస్తాం, కంప్యూటర్లో లెక్కేస్తాం. రెండూ కలవాల.”

“ఓహో! కొత్త కోడలి వణుకు చూసి అత్త ఎట్లాంటిదో చెప్పినట్టు. మా వీధి ఆడోళ్లంతా ఏ చదువూ లేకుండానే చేస్తారు ఆ పని.”

“ఎంత తొందరగా పట్టేసినారత్తమ్మా! మా సారుకు మూడేళ్లు పట్టింది.”

“నాకాడ వెటకారం వద్దు. మరి మా ఇంట్లో కొలిచినావా? నువ్వు వణికింది నేనైతే చూడలా.”

“నేనెందుకు వణుకుతా? మీ అబ్బాయిని పెట్టి కొలిచినా. పంపిస్తానని నాకు మాటిచ్చినాడు, పంపనని మీకు మాటిచ్చినాడు. సోడా తెస్తానని పోయి ఆ స్తంభం చాటున నిలబడినాడు, చూడండి.”

అత్త అటు చూసింది. కొడుకు చేతిలో సోడా గ్లాసు తొణుకుతోంది.

“ఆ లాగుడు నాదా, నీదా?”

“ఇద్దరిదీ.”

“బస్సొచ్చింది. బ్యాగు తీసుకొని ఎక్కు. ఆ సోడా నేను తాగుతాలే, వాడు ఒలక్కుండా తెస్తే.”