చెంచురామయ్య కంప్యూటరుకు వేగం పెంచిన వైనం

పుల్లమ్మ టీకొట్టు ముందు బల్ల మీద చెంచురామయ్య కూర్చున్నాడంటే, సత్తెనపల్లి బస్టాండులో ఎవరికో ఒకరికి బస్సు తప్పిపోతుందని అర్థం. ఆయన రేడియోలు బాగుచేస్తాడు. ఎనభై తొమ్మిది సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి కంప్యూటర్లు కూడా చేస్తానంటున్నాడు. ఆ మాట చెవినపడి హయాత్ పొద్దున్నే పిడుగురాళ్ల నుంచి దిగాడు.

హయాత్ అక్కడ ఒక గదిలో పాత కంప్యూటరు పెట్టి పిల్లల చేత ఆటలాడిస్తుంటాడు. గుంటూరులో ఎవరో ట్రైనింగు సెంటరు మూసేస్తుంటే చవగ్గా వచ్చింది. అందులో కార్ల పందెం ఉంది గానీ, కారు ఒక మలుపు తిరిగేలోపు ఆడేవాడు వేరుశెనక్కాయలు ఒలుచుకుని తినొచ్చు. ఈమధ్య ఎదురు వరసలో కొత్త మిషనుతో ఇంకొకడు దుకాణం తెరిచాడు. పిల్లలంతా అటే. కొత్తది కొనే తాహతు హయాత్‌కి లేదు. వేసవి సెలవుల్లోపు ఈ పాతదానికే వేగం రాకపోతే, గదికి తాళం వేసి మళ్లీ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోయాల్సిందే.

అది చాలదన్నట్టు స్టెబిలైజరు కూడా కాలిపోయింది. తెర ఇంట్లో ఉంచి, కంప్యూటరు పెట్టెనీ స్టెబిలైజరునీ బస్సు కుదుపులకు దెబ్బతినకుండా చుట్టూ పత్తి కుక్కి, రెండు మిరపకాయల గోతాల్లో పెట్టి, దబ్బనంతో మూతులు కుట్టి ఇచ్చింది అతని భార్య మస్తాన్‌బీ. ఒక గోతాం బస్సు దిగి వచ్చేటప్పుడే రోడ్డవతల బాజీ కొట్లో దించాడు. బాజీ మోటార్లకూ స్టెబిలైజర్లకూ తీగ చుడతాడు. రెండో గోతాం ఇప్పుడు బల్ల మీద, చెంచురామయ్య అరచేతి కింద ఉంది.

చెంచురామయ్య దాన్ని దూడ వీపు తట్టినట్టు తట్టి, ఇది పాత జాతి అన్నాడు. మెమరీ సగమే ఉందన్నాడు. మెమరీ అంటే పోయించుకునేదా, పెట్టించుకునేదా అని హయాత్ అడిగాడు. ఆయన నవ్వి, ఒంగోలు సంగతి ఎత్తుకున్నాడు.

"ఒంగోల్లో పొగాకు వ్యాపారి ఒకాయన నన్ను కారు పంపి పిలిపించాళ్లే, వాళ్లింట్లోది దీనికంటే ముసలిది, విప్పి దుమ్ము ఊదాను, ఫ్యానుకి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాను, చెడిపోయిన ఇంకోదాంట్లోంచి మెమరీ ముక్కలు పీకి దీంట్లో గుచ్చాను, ఖర్చంటూ లేదు, ఆటలో కారు కదిలింది. ఇక్కడిదాకా ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

ఇక్కడిదాకా హయాత్‌కి బాగానే అర్థమైంది. ఆయన ఇక్కడ ఆపి ఉంటే గోతాం వదిలేసి నిశ్చింతగా బస్సెక్కేవాడు.

"ఇళ్లకిచ్చేది సింగిల్ ఫేజు, అబ్బాయ్. దాంతో కారు ఎంతని పరిగెత్తుద్ది? తోటలో బోరు మోటారు స్టార్టరు నుంచి త్రీఫేజు లాగి తగిలించాను. పచ్చ మీట నొక్కాను చూడు, మలుపులన్నీ తిన్నగా అయిపోయినయ్."

సింగిల్ ఫేజుకే తన స్టెబిలైజరు మాడిపోయిందే అనుకున్నాడు హయాత్. ఆ మాటే అడిగితే, మాడకుండా ఎట్లా ఉంటుంది, అందుకేగా తీసుకెళ్లి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పెట్టిందన్నాడు చెంచురామయ్య. అక్కడ చలికి మిషను చల్లబడింది, ఘాటుకి కారు తుమ్మింది, తుమ్మినప్పుడల్లా ఒక గేరు పెరిగింది.

పక్కన టీ తాగుతున్న డ్రిల్లు మాస్టారు ఏసోబు, ఒంగోల్లో కరెంటు పోదా అండీ అని మర్యాదగా అడిగాడు.

"పోయింది మాస్టారూ. ఆట ఎంత జోరు మీదుందంటే, కరెంటు పోయిన సంగతి దానికి చాలాసేపు తెలియలేదు."

ఆ పైన ఇక పగ్గాల్లేవు. మీట నొక్కకముందే పందెం అయిపోయేదట. వ్యాపారి పిల్లలు ఆడటానికి కాదు, ఎవరు గెలిచారో కనుక్కోవడానికి వెళ్లేవాళ్లట. ఆడకముందే అయిపోయే ఆటకి తన గదికి ఎవడొస్తాడో హయాత్‌కి తోచలేదు. వేగం కావాలని వచ్చినవాడికి, ఇంత వేగం వద్దని చెప్పాలో, సగం పెంచమని అడగాలో తెలియలేదు. ఈలోగా కారు తెర అద్దం దాటి ఇవతలికొచ్చి, గోడౌను తలుపు సందులోంచి రోడ్డెక్కి, చిలకలూరిపేట దాటాక గానీ దొరకలేదట. చెంచురామయ్యే దాన్ని తోలుకొచ్చి, మళ్లీ లోపల పెట్టి మూత బిగించాడట.

"దీనికీ అదే వైద్యం. చెయ్యి పెడితే తెలుస్తోంది, పరిగెత్తాలని లోపల ఒకటే కొట్టుకుంటోంది. గోతాం వదిలేసి నువ్వు బస్సెక్కు."

పిడుగురాళ్ల బస్సు హారను కొట్టింది. మాడితే ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. ఇవ్వకపోతే ఎటూ పోతుంది. హయాత్ సగం లేచి నిలబడి బస్సు వంకా గోతాం వంకా చూశాడు.

పుల్లమ్మ కొట్టు పెట్టకముందు గుంటూరు మిర్చి యార్డులో తాలుకాయలు ఏరిన మనిషి. ఉల్లిపాయలు కోసే కత్తి పట్టుకుని వచ్చింది.

"యార్డులో గోతాం కోసి గుప్పెడు కాయలు విరిచి చూడకుండా ఏ కొనేవాడూ నోరు తెరవడు, అన్నయ్యా. మీరు కుట్టన్నా ఊడదీయకుండా జాతకమంతా చెప్పారు. తీస్తాను, మేమూ చూస్తాం."

దుమ్ము పడుద్దని చెంచురామయ్య అంటూనే ఉన్నాడు. ఆమె పురికొస తెంపేసింది. పత్తి బయటికి పొంగింది. దాన్ని లాగేస్తే లోపల ఇనప పెట్టె, దాని ముందు ఒక ముల్లు, రెండు చిన్న దీపాలు, మూల కొంచెం మాడిన వాసన.

"ఇది స్టెబిలైజరు," అన్నాడు హయాత్ నెమ్మదిగా.

ఏసోబు గ్లాసు కింద పెట్టి, "మెమరీ సగమే ఉందన్నారు గదండీ. ఆ సగం దీంట్లో ఎక్కడుందో చూపిస్తారా?" అని అడిగాడు.

చెంచురామయ్య గోతాం మీది నుంచి చెయ్యి తీసి, చల్లారిన టీ అందుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది హయాత్‌కి బాజీ కొట్లో దించిన గోతాం. బాజీ కబుర్ల మనిషి కాదు. చేతికిచ్చింది వెంటనే విప్పి, లోపలున్న పాత తీగంతా లాగేశాక గానీ మాట్లాడడు. అట్లాంటి బాజీ ఇవాళ ఒక్కరోజు పని మానేసి, గోతాం మీద చెయ్యి వేసుకుని ఎవరికో కోతలు కోస్తూ కూర్చుని ఉండాలని అల్లాకి మొక్కుకుంటూ, హయాత్ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు.