బండి దిగితే పాదం లేవలే

"అవ్వా, నువ్వు బండి మీద మొగోళ్ల లెక్క అటో కాలు ఇటో కాలు ఏసి ఎప్పటిసంది కూసుంటున్నవ్?"

గదడుగుతున్నవా పిల్లా? కూసో, చెప్త. నీ పెనిమిటితోని శ్రీశైలం దాక బండి మీద పోతానంటివి గదా, నువ్వు ఇనాల్సిన ముచ్చటే. గా దినం యాదికొస్తే ఇప్పటికి నా పెయ్యి జల్లుమంటది.

తెలంగాణ వచ్చినంకనే. ఆ యేడో, మల్లయేడో... మీ మేనత్త సుజాతను పాలమూరుల ఇచ్చినం గదా, దాని తొలికాన్పు. తొలికాన్పు తల్లిగారింట్ల చెయ్యాలె, కని దానికి బీపీ ఉన్నదని డాక్టరమ్మ ఆడ్నుంచి కదలద్దన్నది. ఒకనాడు పొద్దుగాలనే అల్లుడు ఫోన్ చేసిండు. "అత్తా, నొప్పులు మొదలైనయ్, దవాఖానకు తీస్కపోతున్న" అని. బస్సుకు పోదామంటే నల్లగొండకు పోవాలె, ఆడ ఎక్కి దేవరకొండల దిగాలె, ఆడ మల్ల ఇంకో బస్సు. మీ తాత "బండి మీదనే పోదాం పా" అన్నడు. మాది నల్లగొండకో హాలియాకో పోయే బండి, పాలమూరు మొకం ఎన్నడు చూడలే. అప్పుడు పెట్రోలు గింత పిరం గాదు లే.

నేను కూసునుడు అందరాడోళ్ల లెక్కనే, ఒక పక్కకు. చీర సక్రంల పడకుంట జాలి ఉంటది సూడు, దాని కింద ఆడోళ్లకు కాళ్లు పెట్టుకునే మెట్టుంటది. గది ఇరిగి ఎన్నొద్దులాయెనో. మిగిలింది పైన ఫుట్‌రెస్టొక్కటే, అది ఎత్తుల ఉంటది. కుడికాలు దాని మీద పెట్టిన, ఎడమకాలు కుడిమోకాలి మీద ఏసిన, ఒళ్లె సంచి. నెయ్యి సీసా, శొంఠి, కారప్పొడి, పిల్లకు పొత్తిగుడ్డలకని మెత్తటి పాత చీరలు. బరువే మరి. దేవరకొండ కాడ మీ తాత "జర దిగుతవానే, ఛాయ తాగుదాం" అన్నడు. "అద్దద్దు, నడువు" అన్న. బిడ్డ ఆడ నొప్పులు పడవట్టె, నాకు ఛాయ గొంతు దిగుతదా?

కల్వకుర్తి దాటినంక ఎడమకాలు తిమ్మిరెక్కింది. తిమ్మిరి ఎవలకెక్కదు? ఊకున్న. జడ్చర్ల కాడికొచ్చేసరికి తిమ్మిరి గూడ పోయింది. మంచిగైందనుకున్న బిడ్డా! మంచిగయ్యేదేంది, ఏం తెలుస్తలేదన్నట్టు అది.

దవాఖాన గేటు ముందట బండి ఆపిండు. దిగి ఒక్కడుగేసిన. రొండో అడుగుకు పాదం లేవలే. చెప్పు మడతవడి బొక్కబోర్ల పడ్డ. నెయ్యి సీసా పలిగి రోడ్డు మీద కారుతాంది. లేద్దామని కాలు దిక్కు చూసిన. తొడ లేస్తుంది, మోకాలు వంగుతుంది. పాదం మటుకు తడిబట్ట లెక్క ఏలాడుతాంది. లే, లే అనుకుంటున్న మనసుల. నా పాదమే, నా మట్టెలే, కని నా మాట ఇంటలేదు! ఏడుపు గూడ రాలే నాకు. నోరు తెరుసుకొని గట్లనే చూస్తున్న.

మీ తాత మొకం సున్నమేసిన గోడ లెక్క తెల్లగైంది. "పచ్చవాతం" అన్నడు. మన వాడకట్టుల మల్లయ్యకు గట్లనే వచ్చి మగ్గం దిగినోడు మల్ల ఎక్కకపాయె. మనది గుంటమగ్గమాయె. గుంటల కాళ్లు పెట్టి కింద చెక్కలు తొక్కితేనే పోగు లేస్తది. కాలు పోయినంక నేసెటోళ్లకు ఇంకేముంటది చెప్పు?

మీ తాత నన్ను అమాంతం ఎత్తుకున్నడు. అవు, ఎత్తుకున్నడు! పెండ్లైనకాడికెళ్లి నలుగుట్ల నా చెయ్యి గూడ పట్టని మనిషి, గంత మందిల చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని ఉరికిండు. ఎవరో చక్రాల కుర్చీ తెచ్చిండ్రు. అల్లుడు ఎదురొచ్చి "మామా, సుజాత లోపలున్నది" అనుకుంట నన్ను చూసిండు. "నాకేం గాలే, దానికి చెప్పకు, ఒట్టు" అన్న.

డాక్టరు పడుసు పిల్లగాడు. నవ్వుమన్నడు, చేతులెత్తుమన్నడు, పేరడిగిండు. అన్ని చేసిన. "పాదం వేళ్లు పైకెత్తమ్మా" అన్నడు. లేవలే. తాళంచెవితోని పాదం మీద గీకితే చెప్పుల మీద గీకినట్టే ఉన్నది. "ఎట్ల వచ్చినవమ్మా?" అన్నడు. బండి మీద అన్న. "కూసున్నవ్ గదా, ఎట్ల కూసున్నవో చూపియ్యి" అన్నడు. కాలు మీద కాలేసి, సంచి ఒళ్లె పెట్టుకొని చూపిచ్చిన. మీ తాతను ఇంక నాలుగు ముచ్చట్లడిగి, నా మోకాలి బయటిపక్క ఎముక మీద ఏలు పెట్టిండు.

"ఈ ఎముకను ఆనుకొని ఒక నరం పోతది. పాదం లేపేది గదే. అంత దూరం దాన్ని ఒత్తిపెట్టినవ్. పక్షవాతం కాదు."

నేను నమ్మలే. ఒత్తితే కాలు పోతదా ఎక్కడన్న? గప్పుడే లోపల్నుంచి పిల్ల ఏడుపు ఇనవడ్డది. నేను కాలు సంగతి మరిచి దిగ్గున లేచిన. మల్ల పడెటిదాన్నే, మీ తాత పట్టుకున్నడు. ఆడపిల్ల. మన చిన్నే, ఇప్పుడు గంతులేస్తది సూడు. నేను కుర్చీలనే కూసొని దాన్ని ఒళ్లెకు తీస్కున్న. సుజాత అలిసి పండుకొని గూడ "అమ్మా, నువ్వేంది కుర్చీల?" అన్నది. "మోకాళ్ల నొప్పి" అన్న.

ఇంటికొచ్చినంక పాదానికి పట్టీ కట్టుకొని గోడ పట్టుకొని నడుసుడు. నెలలు పట్టింది బిడ్డా. మగ్గం గుంటల కాలు పెడితే చెక్క మీదికెళ్లి జారుతుండె. ఒకనాడు దినాం లెక్కనే మంచంల కూసొని పాదం దిక్కు చూస్తున్న. బొటనేలు కదిలింది. ఈగ వాలిందేమో అనుకున్న. మల్ల కదిలింది. గంత గట్టిగ అరిసిన, మీ తాత పామొచ్చిందని కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు.

ఇగ నడక మంచిగైనంక సుజాతను, పిల్లను చూడ పోవాలె. మీ తాత బస్సే అన్నడు. బండే అన్న నేను. బయమైతలేదా అంటే, అయితాంది, గందుకే ముందుగాల బండిని మంచిగ చేపియ్యి అన్న. నల్లగొండల మన సలీం ఉన్నడు గదా, మెకానిక్. ఆయన పానా పట్టలే ముందు. "ఇద్దరెక్కి కూసోండ్రి, చూస్త" అన్నడు. మీ తాత గూడ చేతులు చాపి వంగి కూసుంటుండె, గందుకే ఆయనకు నడుం పట్టుడు. హ్యాండిలు జర తాత దిక్కు తిప్పిండు. తాత పొడుగు మనిషి గదా, ఫుట్‌రెస్టు జర కిందికి, ముందుకు జరిపిండు, దాని ఎంబడే గేరు, బ్రేకు గూడ కాలికందేటట్టు పెట్టిండు. ఎనక ఫుట్‌రెస్టులు నాకు మోకాళ్లు మరీ మడువకుంట ఇనుప పట్టీ ఏసి దించిండు. "ఇంక దించు తమ్మీ" అంటే, "వద్దమ్మా, మలుపుల కాడ నేలకు రాసుకుంటది" అన్నడు. సీటు ముందుకు వాలుగుండె, దాన్ని గూడ కుట్టిపిచ్చిండు. ఆఖరికి "అమ్మా, ఒక పక్కకు కూసుంటే మాత్రం ఎంత చేసినా నడుం మెలికే" అని నేల దిక్కు చూసిండు. ఆడమనిషిని అటో కాలు ఇటో కాలు ఏసుకోమని చెప్పనీకె సిగ్గు ఆయనకు.

ఇంటికొచ్చి ఆలోచన చేసిన. మా అత్త నాట్లేసెటప్పుడు చీర గోచి పెట్టుకునేది. గట్లనే గోచి పెట్టి, అటో కాలు ఇటో కాలేసి ఎక్కిన. వాడకట్టు వాడకట్టంత బయటికొచ్చింది! నీళ్లు పడుతున్నామె బిందె నిండి పారుతున్నా చూస్తలేదు. మీ తాత అద్దంల నన్ను చూసి "నిజంగనే పోదామా?" అన్నడు. "గేరెయ్యి" అన్న.

దారిల ఊరికో కాడ దిగి జర నడిచినం. పాలమూరుల వాళ్ల ఇంటి ముందట దిగంగనే సుజాత "అమ్మా, నీకేమన్న పిచ్చి లేసిందా!" అన్నది. మా వియ్యపురాలు గడపల నిలవడి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఒక్క మాట మాట్లాడలే. అన్నం పెట్టింది, మాట్లాడలే. ఇగ చుట్టరికం చెడ్డదనుకున్న.

తెల్లారి పెరట్ల మొకం కడుగుతుంటే వచ్చింది. ఇటు చూసింది, అటు చూసింది. నెమ్మదిగ "వదినా, మా కొడుకు బండెక్కితే నాకు గూడ తుంటి గుంజుతాంది. గా గోచి ఎట్ల పెట్టినవో జర చూపిస్తవా?" అన్నది. పెరటి తలుపు దగ్గరికేసి, ఇద్దరం ముసలోళ్లం, చూపిచ్చిన.

పో బిడ్డా, మంచిగ పోయి మంచిగ రాండ్రి. ఘాటు రోడ్డుల బిగుసుకొని కూసోకు. కాలు గుంజితే ఆగుమను, ఆయన ఆగకపోతే వీపు మీద ఒక్కటియ్యి. మీ ఇద్దరి కాళ్లు, చేతులు సల్లగుండాలె...