మంద దాటని మాట

ఓబన్న అని ఒక గొర్రెలకాపరి, నోరు తెరిస్తే గడ్డం కంబళిలోకి పోయేదంట. గొర్రెలతో బాగానే మాట్లాడేవాడు, మనిషి ఎదురైతే మాత్రం గొణుగుడే. 'నోట్లో ముద్ద పెట్టుకున్నావేందిరా' అని వాళ్లమ్మ తిట్టీ తిట్టీ అలిసిపోయింది. ఆ గొణుగుడు అర్థం చేసుకునే మనిషి ఒకతే, మేనమామ మారెప్ప కూతురు నరసి. వాళ్లిద్దరికీ పెళ్లని చిన్నప్పటి నుంచీ అనుకున్నదే అనుకో.

ఏమైందంటే, వాళ్లలో ఒక కట్టడి ఉంది. పెళ్లి ఖాయం చేసే పొద్దు మందను మధ్యలో నిలబెట్టి, పిల్ల తండ్రి ఈ పక్క, పిల్లోడు ఆ పక్క నిలబడాల. 'మా బిడ్డను ఏలుకుంటావా' అని ఈయన అడిగితే, పిల్లోడి మాట మంద దాటి ఇవతలికి వినపడాల. తోడేలు పడినప్పుడు గొంతు లేవనోడికి మందనూ ఇవ్వరు, పిల్లనూ ఇవ్వరు, అంతే. మారెప్ప అడిగినాడు. ఓబన్న పెదాలు కదిలినాయి. గొర్రెలు అరుస్తానే ఉండాయి. 'అల్లుడా, ఇంకొక్కసారి అను నాయనా' అని మారెప్ప బతిమాలినాడంట. మళ్లీ పెదాలు కదిలినాయి. 'గొర్రెకు చెప్తా ఉండాడేమో, దాన్నే అడగండి' అని ఎవడో అంటే జనమంతా పకపకా నవ్వినారు. నరసేమో వాళ్లమ్మ వెనకాల నిలబడి 'అను బావా, అను' అంటానే ఉందంట. అతను అన్నాడు, అనలేదని కాదు. కంబళికి తప్ప ఎవరికీ వినపడలా. కులపెద్ద కర్రతో నేల తట్టి 'మాట దాటలా' అన్నాడు. ఆ ఏడే నరసిని పక్కూరి సుంకన్నకు ఇచ్చేసినారు.

అప్పుడు పట్టింది ఓబన్నకు పంతం. కంబళి నడుముకు చుట్టి, గడ్డం పైకెత్తి, గుట్ట మీద నిలబడి ఎదుటి గుట్టకు కేకలు. 'వీనికి పిచ్చి పట్టింది' అన్నారు. గొంతు బొంగురుపోయినా వదల్లా. నోరు నిండా తెరిచి, ఒక్కో మాటా విడదీసి, అన్నాడు, అన్నాడు, ఎన్నాళ్లకో మాట తేటపడింది. గుట్ట కింద సేద్యగాళ్లు ఎద్దుల్ని ఆపి మరీ వినేవాళ్లంట.

ఇంక ఆగుతాడా? మందను తోలుకొని నరసి ఊరికి పోయినాడు. ఆమె వాకిట్లో కూర్చొని రాగులు చెరుగుతా ఉంది. వీధిలోనే నిలబడి, 'నరసీ! ఆ పొద్దు నేను ఏలుకుంటాననే అన్నాను!' అన్నాడు. వీధి వీధంతా తల తిప్పి చూసింది. నరసి చేట కింద పెట్టి, ఇంట్లోకి ఒకసారి తొంగిచూసి, దగ్గరికొచ్చింది. 'నాకు తెలుసు బావా. మెల్లగా మాట్లాడు, లోపల బిడ్డ నిద్రపోతా ఉంది' అనింది.

ఓబన్న మందను మళ్లించుకొని వచ్చేసినాడు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఎవరి గొర్రె తప్పిపోయినా ఓబన్న చేతనే కేక వేయిస్తారు. ఏ గుట్ట చాటున ఉన్నా పరిగెత్తుకొని వచ్చేస్తుందంట. గొర్రెలైతే వస్తాయిలే, గొర్రెలకేం.