షబ్బీర్ ఫోనులోని వీడియో

నా పేరు సోమశేఖర్. తండ్రి రామాంజి, కాలం చేశారు. వయసు యాభై రెండు. బేతంచెర్లలో అయ్యన్న గారి సినిమా హాల్లో ఆపరేటరుని. ఎవరైనా బెదిరిస్తే వచ్చావా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. లేదన్నాను. చెప్పేది నా మీదికే రావచ్చని కూడా చెప్పారు. తెలిసే చెబుతున్నాను.

పోయిన శుక్రవారం ఉదయం ఏడు గంటలకు కొత్త సినిమా మొదటి ఆట. ముందు రోజే సినిమా కంపెనీ నుంచి హాలు వాట్సాప్‌కు రెండు మెసేజీలు వచ్చాయి. హాల్లో ఎవరైనా ఫోనుతో సినిమా తీస్తే పోలీసులకు పట్టివ్వమని ఒకటి. హీరో తెర మీదికి రాగానే అభిమానుల గోల వీడియో తీసి పంపమని, తమ పేజీలో పెట్టుకుంటామని ఇంకొకటి. రెండూ ఒకే నంబరు నుంచి వచ్చాయి. ప్రతి సినిమాకూ ఇంతే. మేమూ తీసి పంపుతూనే ఉన్నాం.

నా ఫోను పాతది, చీకట్లో ఏమీ పడదు. షబ్బీర్ నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆ హీరో అభిమాన సంఘంలో ఉన్నాడు. "అన్నా, నా ఫోను తీస్కో, చీకట్లో గూడ బాగ పడతాది. నేను ముందర ఎగరల్ల" అని ఫోను నా చేతిలో పెట్టి తెర దగ్గరికి పోయాడు.

కుర్రాళ్ళు తెర ముందు ఎగురుతుంటే వాళ్ళ వెనక సినిమా పడకుండా ఎట్లా ఉంటుంది? నేను మెట్ల మీద నిలబడి తీశాను. హీరో వచ్చాడు, ఫైటు అయింది, పాట కూడా అయింది. గోల ఆగలేదు, నేనూ ఆపలేదు. ఫోను తిరిగిచ్చి కంపెనీకి పంపమన్నాను. కంపెనీ వాళ్ళు చప్పట్ల బొమ్మ పెట్టారు. మధ్యాహ్నం ఆటకు జనం వస్తారని సంఘం గ్రూపులో పెట్టమన్నదీ నేనే. అక్కడి నుంచి ఊరూరికీ పోయింది.

తెర మీద కంటికి కనిపించని గుర్తు ఉంటుంది. ఏ ఊరు, ఏ ఆట అన్నది దాంతో తెలిసిపోతుంది. కంపెనీ కేసు పెట్టింది. వీడియో వాడి ఫోను నుంచే పోయిందని ఆదివారం పోలీసులు షబ్బీర్‌ను తీసుకుపోయారు. మా హాలుకు సినిమాలు ఆపేశారు. సినిమా దొంగతనమంటే నేను పనిలో చేరినప్పుడు క్యాసెట్లన్నారు, తర్వాత సీడీలన్నారు, ఇప్పుడు ఫోన్లంటున్నారు. వినీ వినీ విసుగొచ్చింది.

"ఊరకుండు శేఖరా" అన్నారు అయ్యన్న గారు. "వాడే తీసినాడని చెప్తే కంపెనీ వాళ్ళు వచ్చే వారం సినిమా ఇస్తామంటాండారు. హాలు మూతపడితే ఈ వయసులో నువ్వు యాడికి పోతావు?"

నాకూ అదే భయం. ఊరుకున్నాను.

నిన్న షబ్బీర్ తల్లి మదార్ బీ హాలుకు వచ్చింది. "మా పిల్లోడు తీయలేదంటాండాడు. ఎవురు తీసినారంటే చెప్పడు. నువ్వు ఆడ్నే ఉంటివి కదప్పా, నువ్వన్నా చెప్పు" అంది.

వాడు పోలీసులకు నా పేరు చెప్పలేదు. కన్నతల్లికీ చెప్పలేదు. రాత్రంతా నాకు కన్ను మూతపడలేదు.

నేను చెప్పినట్టే రాశారు, చదివి వినిపించారు, సరిగానే ఉంది. తీసింది నేను, పెట్టమన్నది నేను. షబ్బీర్‌ను ఇంటికి పంపించండి.

(సంతకం)
సోమశేఖర్