నేను కొలిచిన పులసలు

సన్మాన పత్రం నేను రాయాలా? నేనా? ఏంటండీ పల్లంరాజు గారూ, రాజమండ్రిలో ఇంకెవరికీ తెలుగు రాదా? పండితులంతా ఏ ఊరెళ్ళిపోయారండీ?

కూర్చోండి, కూర్చోండి. కోపం మీ మీద కాదు. సన్మాన సంఘం అధ్యక్షులు మీరు, ఊరికి మంచి పేరొస్తుందని తిరుగుతున్నారు. మిల్లు పని మానుకుని మా గుమ్మం ఎక్కారు. కాదనను. కానీ ఈ పని అడగాల్సిన మనిషిని నేను కాదు.

ఏమన్నారూ? ఆయనే నా పేరు చెప్పారా? "సత్యకుమారి అయితే బాగా రాస్తుంది" అన్నారా? అంటారండీ! ఎందుకనరూ? ఆరేళ్ళు ఆయనకి అన్నీ రాసిపెట్టిందాన్ని నేనే కదా!

వెంకటసుబ్బారావు గారు జాతీయ అకాడమీకి ఫెలోగా ఎన్నికయ్యారు. బానే ఉంది. దేనికి ఎన్నుకున్నారో ఆ కాగితం మీరు చదివారా? నేను చదివాను. గోదావరి పులస చేప మీద అమూల్యమైన పరిశోధన చేశారట. ఆ మహానుభావుడు జన్మలో చేప తినలేదండీ! తినకపోతే పోనీ, రేవు దగ్గర కారు కూడా దిగేవారు కాదు. అద్దం సగం దించి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఎన్నొచ్చాయమ్మా ఈవేళ?" అనేవారు.

నేను మామూలు కాలేజీ లెక్చరర్ని. జువాలజీ చెప్పుకునేదాన్ని. తొంభై మూడులో ఆయన యూనివర్సిటీ నించి వచ్చి, "నా దగ్గర పీహెచ్‌డీ చెయ్యమ్మా, ఊరు నీది, చేప నీది" అంటే పొంగిపోయాను. ఏటా జూలైలో వరద ఎర్రనీళ్ళు వచ్చి, చేప సముద్రం నించి గోదారికి ఎదురెక్కిన దగ్గర్నించి మూడు నెలలు, పొద్దున్నే ధవళేశ్వరం రేవులో ఉండేదాన్ని. బేరగాళ్ళు ఎత్తుకుపోయే లోపల చేపని కొలవాలి. పొడవు, బరువు, కడుపులో గుడ్లున్నాయా లేవా. కొయ్యనివ్వరు కదా, కోస్తే ఎవరు కొంటారు? పొట్ట మీద బొటనవేలితో నొక్కి తెలుసుకోవాలి. ఆ విద్య నేర్పింది చేపలమ్మే సంపూర్ణమ్మ, ప్రొఫెసరు గారు కాదు. వానలో గొడుగు రిజిస్టరుకి పట్టేదాన్నండీ, నా నెత్తికి కాదు!

మరి నా పీహెచ్‌డీ ఏమైంది? "ఇంకొక్క సీజన్ చూద్దామమ్మా." అలా ఆరు సీజన్లు. ఈలోపు ఆయన పేపరు బయటికొచ్చింది. పైన ఆయన పేరొక్కటే. నేనెక్కడున్నానో తెలుసా? ఆఖరి పేజీలో, సహకరించిన స్థానిక ఉపాధ్యాయినికి ధన్యవాదాలట. పేరు కూడా లేదండీ! పేరు రాస్తే సిరా అయిపోతుందా?

నవ్వకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది.

న్యూస్ పేపర్లో ఆయన ఫోటో చూసి నాలుగు రోజులైంది. అన్నం సయించట్లేదు. హాల్లో మీరంతా ఆయనకి పూలదండలేస్తుంటే లేచి నిలబడి, "ఆ పని నాది" అని అరవాలని ఉంది. అరుస్తాను కూడా! ఎందుకరవకూడదు?

ఏంటీ? పత్రంలో నా పేరు కూడా వేయిస్తారా? స్టేజీ మీద ఆయన పక్కన కుర్చీ వేసి, నాకూ శాలువా కప్పుతారా? ఆయన కాదంటే మీరు ఒప్పిస్తారా?

వద్దు.

వద్దన్నానా! వేయొద్దండీ. దండం పెడతాను.

అలా చూడకండి. ఇంతసేపూ పేరు పేరని గోలపెట్టి, ఇస్తామంటే వద్దంటుందేంటి, మతి పోయిందా అనుకుంటున్నారు కదూ. చెప్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాలుగో ఏడు వరద సరిగ్గా రాలేదు. దానికి తోడు రేవు మెట్ల మీద జారి నా కాలు విరిగింది. నెలరోజులు మంచం. సీజన్ పోయిందని ఏడుస్తుంటే సంపూర్ణమ్మ చూడ్డానికొచ్చింది. "నువ్వు రాలేకపోతే చేపే వస్తుందిలే అమ్మా" అంది. రోజూ బుట్ట మా ఇంటికే తెచ్చేది. మంచం మీదే కొలిచి, రాసుకుని, ఇచ్చేసేదాన్ని. పెద్ద పెద్ద చేపలండీ, కడుపు నిండా గుడ్లు! ఐసు చల్లదనం చేతికి తగులుతూనే ఉంది. "దూరం నించి తెస్తన్నానమ్మా" అంటే నమ్మాను. నమ్మాలనిపించింది, నమ్మాను.

నెలాఖర్న ఒక చేప మాకే వదిలేసి వెళ్ళింది, బలానికి తినమని. దాకలో పులుసు పెట్టాం. మర్నాడు మా అత్తగారు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది గోదారి చేప కాదే అమ్మాయ్, విలస" అన్నారు. నేనూ తిన్నాను. నిజమే. సముద్రంలో పట్టిన చేప, ఏట్లోకి ఎక్కనే లేదు. పుస్తకంలో రెండిటికీ జాతి ఒకటే, పేరొకటే. కొలబద్దకి తేడా తెలీదు. గోదారి ఒడ్డున పుట్టినదాని నాలిక్కి తెలీదాండీ?

సంపూర్ణమ్మని నిలదీస్తే ఏమందో తెలుసా? "వరద లేందే పులసెక్కడిదమ్మా? ఒరిస్సా నించి రైల్లో వచ్చిన చేప. పని ఆగిపోతందని ఏడుస్తన్నావు కదా, కొలుచుకుంటావని తెచ్చాను." మోసం కాదండీ, జాలి! జాలిపడి నా కొంప ముంచింది.

ఆ మధ్యాహ్నమే సారు వచ్చారు. రిజిస్టరు తిరగేస్తూ ఆ నెల దగ్గర ఆగిపోయారు. మొహం వెలిగిపోయింది. "వరద లేకపోయినా గుడ్ల చేప నదిలోకి ఎక్కుతోందమ్మా! ఈ సంగతి ఎవరికీ తెలీదు! శభాష్!" అన్నారు. దాకలో ఇంకా పులుసుంది. చేప తినే మనిషైతే కంచంలో వడ్డించి ఊరుకునేదాన్ని, ఆయనే కనుక్కునేవారు. తినరాయె! నోటితో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. నాలుగేళ్ళ చాకిరీకి అదే మొదటి శభాష్ అండీ. దానికోసం నోరు మూసుకున్నాను.

మిగతా సీజన్లన్నీ నేను వానలో నిలబడి కొలిచిన చేపల గురించి అకాడమీ కాగితంలో ఒక్క ముక్క లేదు. ఆయన్ని ఎన్నుకున్నది ఆ నెలరోజుల చేపల మీదే. ఆ పని నాదని అరిస్తే, నాదయ్యేది ఏంటండీ? ఆ అబద్ధమే కదా!

పత్రం రాసిస్తాను. గురువారానికి పంపిస్తాను, ఎవరైనా గొంతు బాగున్నవాళ్ళ చేత చదివించుకోండి. పేరు మాత్రం ఆయనదొక్కటే వేయించండి.