నలభై రెండు గొంతుల పోతురాజు

నూజివీడు బస్టాండు ఎదురుగా సీతారావమ్మ టీకొట్టు ఉండేది. ఎనభై ఆరు మే నెలాఖర్లో ఓ సాయంత్రం మేం నలుగురం అక్కడ కూర్చుని లెక్చరర్లకి మార్కులు వేస్తున్నాం. నేనూ, ఉంగుటూరు జగన్మోహనరావూ బీకాం. పోతురాజు, బసవపున్నారావు బీఎస్సీ ఫైనలియర్. వాళ్ల ప్రాక్టికల్స్ ముందురోజే అయిపోయాయి. లెక్కల సారు కుడిచేత్తో రాస్తూ ఎడంచేత్తో చెరిపేస్తారు కాబట్టి పదికి నాలుగు. ఇంగ్లీషు సారు నోట్సు కాయితాలు మా కంటే వయసులో పెద్దవి కాబట్టి మూడు. బోటనీ సుబ్రహ్మణ్యం గారి దగ్గరకొచ్చేసరికి పేచీ వచ్చింది.

"మెతక మనిషి. ఎవడు పలికినా హాజరు వేసేస్తాడు. పైగా పోయినేడు మండుటెండలో క్లాసుని పట్టుకెళ్లి తోటల్లో తిప్పాడంట. రెండు కంటే ఇవ్వను," అన్నాడు జగన్మోహనరావు.

"ఆయనకి ట్రాన్స్‌ఫరయింది. ఇవాళ ఐదింటి ఏలూరు బస్సుకి వెళ్లిపోతున్నారు," అన్నాడు బసవపున్నారావు, పోతురాజు వంక చూస్తూ.

పోతురాజు ఆ మాట విననట్టే కాళ్ల దగ్గరున్న బుట్టని బెంచీ కిందకి ఇంకాస్త తోశాడు. బుట్టనిండా చిన్నరసాల మామిడిపళ్లు, పైన వరిగడ్డి. ఎవరికని అడిగితే మేనత్తకన్నాడు. పొద్దున కాలేజీలో సారుకి జరిగిన వీడ్కోలు సభకి కూడా వాడు రాలేదు. ఓ గుక్క టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టాడు.

"మెతకే, కాదన్లేదు. అసలా సంగతి మొదట కనిపెట్టిందెవరనుకున్నారు? నేనే. పోయినేడు సమ్మెల వల్ల క్లాసులు వెనకబడి మే దాకా సాగాయి గదా. నా పక్క నంబరు పెద్దిరాజు, ఇరవై ఎనిమిది, వాళ్లక్క పెళ్లిచూపులకి ఊరెళ్తూ, 'నాక్కూడా కాస్త పలకరా' అన్నాడు. పలికాను. ఇరవై ఎనిమిదికి ముక్కుతో, ఇరవై తొమ్మిదికి నా గొంతుతో. సారు రిజిస్టర్లోంచి తలెత్తలేదు. ఇందులో గొప్పేం లేదు, ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పెద్దిరాజు ఊరంతా చెప్పేశాడు," అన్నాను.

"వాడి నోట్లో ఏం దాగుతుంది. మర్నాడు ఐదుగురొచ్చి నిలబడ్డారు. ఒకడికి మ్యాట్నీ, ఒకడికి క్రికెట్టు, ఒకడికి ఏ పనీ లేదు, ఊరికే. సరే, ఐదుగురికీ ఐదు గొంతులు పెట్టాను. ఒకటి జలుబు చేసింది, ఒకటి అప్పుడే నిద్రలేచింది, ఒకటి నోట్లో కిళ్లీ ఉన్నది. మిగతా రెండూ అన్నదమ్ములవి, కాబట్టి ఒకలాగే ఉండాలి, కానీ కాస్త తేడా కూడా ఉండాలి. అదీ పనితనమంటే. ఇంతలో కృష్ణవేణి వచ్చి, 'మా నంబరు కూడా చూడండీ' అంది."

"ఆడపిల్లకి ఎలా పలికావు గురూ?" అన్నాడు జగన్మోహనరావు.

"గొంతొక్కటే చాలదురా. మా చెల్లి గాజులు రెండు జేబులో వేసుకెళ్లాను. సారు నంబరు పిలవగానే ముందు గాజులు మోగించి, ఒక్క క్షణం సిగ్గుపడి, అప్పుడు 'ప్రెజెంట్ సార్' అన్నాను."

"నువ్వు సిగ్గుపడితే ఆయనకెలా తెలుస్తుంది?"

"గొంతులో తెలుస్తుంది. మీ బీకాం వాళ్లకి చెప్పినా ఎక్కదు. సరే, అలా అలా ఒకరోజు చూద్దును గదా, క్లాసులో నేనొక్కణ్ణే. నలభై ఒక్కమందీ గేటు బయట. సారుకి అసలే దూరపు చూపు ఆనదు. మొదటి నంబరు నుంచి నలభై రెండు దాకా పలికాను, ఊపిరి తీసుకోలేదు. హాజరవ్వగానే వెళ్లిపోతారేమో అనుకుంటే, పాఠం మొదలెట్టారు. ఆకులో ఈనెలు ఎలా ఉంటాయో చెప్తున్నారు. మధ్యలో ప్రశ్నలు. ముందు బెంచీనడిగితే పాక్కుంటూ ముందు బెంచీకెళ్లి చెప్పాలి. కిటికీ పక్కనడిగితే బల్లల కింద నుంచి దూరి కిటికీ పక్కకెళ్లాలి. ఆయనో జోకు వేశారు. ఏడాదికొకటి వేస్తారు, అది ఆ రోజే రావాలా? నలభై రెండు మంది ఒకేసారి నవ్వాలి, వెనక బెంచీ వాళ్లకి అర్థం కాక కాస్త ఆలస్యంగా నవ్వాలి. నవ్వాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గొంతు పోయిందా?" అంది సీతారావమ్మ, పాలు కలియబెడుతూ.

"నా గొంతు పోతుందా పిన్నీ? సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్ వాళ్లు జీపులో దిగారు. వరండాలో నిలబడి విన్నారు. ఇంత శ్రద్ధగా చదువుకుంటున్న పిల్లల్ని చెడగొట్టడం ఎందుకని లోపలికి రాలేదు. నలభై రెండుకి నలభై రెండూ హాజరైన క్లాసు మూడు జిల్లాల్లో ఇదొక్కటేనని రాసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు."

జగన్మోహనరావు నవ్వి నవ్వి పొలమారి దగ్గుతున్నాడు. బసవపున్నారావు మాత్రం నవ్వలేదు. బస్టాండులో గడియారం చూస్తున్నాడు.

"అంతటితో అయిందా? నాకు జ్వరం వచ్చింది," అన్నాడు పోతురాజు, గొంతు తగ్గించి. "లేవలేకపోయాను. అయిపోయింది, ఇవాళ గుట్టు రట్టయిందని మంచం మీద వణికిపోతున్నా. క్లాసు ఖాళీ. సారొచ్చారు, రిజిస్టరు తెరిచారు, ఒకటి అన్నారు. బెంచీ పలికింది."

"ఏంటి?"

"బెంచీ. నెల్లాళ్లు విని విని దానికి అలవాటైపోయింది. ఒక బెంచీ పలికితే పక్క బెంచీ ఊరుకుంటుందా? గోడవార బెంచీ అయితే గాజులు కూడా మోగించిందంట. తర్వాత అవే పరీక్షలు రాశాయి. మూడో బెంచీకి బోటనీలో ఫస్ట్ క్లాసొచ్చింది. నాకు సెకండ్ క్లాసే."

"బెంచీ పరీక్ష ఎలా రాసిందయ్యా?" అన్నాను ఉండబట్టలేక.

"దానికేం కష్టం? ఇరవై ఏళ్ల జవాబులు దాని ఒంటిమీదే చెక్కి ఉన్నాయిగా."

సీతారావమ్మ కూడా నవ్వేసింది. పోతురాజు ఆ నవ్వులు ఆగేదాకా మీసం సవరించుకుని, "ఇప్పుడా బెంచీ వ్యవసాయశాఖలో..." అని మళ్లీ ఎత్తుకున్నాడు.

"పోతురాజూ," అన్నాడు బసవపున్నారావు. మెల్లగానే అన్నాడు. "ఇదంతా పోయినేడు మే నెలలోనే గదా?"

"ఆఁ."

"ఆ నెలంతా నువ్వు క్లాసు గుమ్మం తొక్కలేదు. ఎవరికీ పలకలేదు. నీ ఒక్కడి చేత పలికించడానికే ఆయన క్లాసుని తెచ్చి మా తోటలో నిలబెట్టారు."

పోతురాజు గ్లాసు తీసుకున్నాడు. అందులో టీ లేదు.

మాకు అర్థం కాలేదని బసవపున్నారావే చెప్పాడు. వాళ్ల మామిడితోట ముసునూరు రోడ్డులో, కాలేజీకి రెండు మైళ్ల దూరంలో ఉంది. పోతురాజు వాళ్ల నాన్న అక్కడ కాయలు కోసే ముఠాలో మనిషి. ఏప్రిల్ ఆఖర్లో చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన బదులు పోతురాజు కాయలు పట్టే చిక్కం పుచ్చుకుని చెట్టెక్కాడు. "సారు మా నాన్న దగ్గరికొచ్చారు. 'తోటలో పని ఇంకా ఎన్నాళ్లండీ, ఏ మధ్యాహ్నం ఏ వరసలో కోస్తారో కాస్త చెప్తారా, మా పిల్లలకి మామిడి పాఠం ఉంది' అన్నారు. మా సిలబస్‌లో మామిడి అరపేజీ. ఆ అరపేజీని ఆయన తొమ్మిది రోజులు చెప్పారు. ఎందుకో క్లాసులో ఎవరికీ తెలీదు. అందరూ ఎండకి తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. మా నాన్న మొన్న చెప్తే తెలిసింది నాకు."

జగన్మోహనరావు దగ్గు ఆపేశాడు. పోతురాజు మెడ మీద మామిడి సొన కాలిన నల్లమచ్చ మేమంతా రోజూ చూసేదే. పుట్టుమచ్చ అని చెప్పేవాడు మాకు.

"హాజరు చాలకపోతే హాల్ టికెట్ రాదు," అన్నాడు పోతురాజు చివరికి. ఇప్పుడు వాడి గొంతు వేరుగా ఉంది. "మానేద్దామనే అనుకున్నా. మొదటిరోజు సైకిళ్లు తోటలోకి రావడం చూసి కొమ్మల్లోకి పాకి దాక్కున్నా. కింద కృష్ణవేణి వాళ్లు గొడుగులేసుకుని నిలబడ్డారు. నేను లుంగీ ఎగ్గట్టుకుని, ఒళ్లంతా సొన. సారు ఇరవై తొమ్మిది అన్నారు. నేను పలకలేదు. మళ్లీ అన్నారు. చెట్టు పైకి చూడలేదాయన, రిజిస్టరే చూస్తున్నారు. మూడోసారి కూడా అంతే మెల్లగా అన్నారు. అప్పుడు పలికాను, ఆకుల్లోంచి."

"నవ్వారా?" అన్నాను.

"నవ్వబోయారు. ఈలోగా సారు, 'కాయని తొడిమతో ఎందుకు కోస్తారో పుస్తకంలో లేదు. పోతురాజు గారు చెప్తారు, రాసుకోండి' అన్నారు. గారు అన్నారురా నన్ను. తొడిమ ఊడితే సొన కారి కాయ పాడవుతుందని, ఇంకా నాకు తెలిసినవేవో చెప్పాను. నలభై ఒక్కమంది రాసుకున్నారు."

"ఇదే పొద్దున సభలో చెప్పొచ్చు గదా?" అన్నాడు జగన్మోహనరావు.

"చెప్దామనే గుమ్మం దాకా వెళ్లాను. నాకు సిగ్గేసింది. కూలికెళ్లినందుక్కాదు. ఆయనకి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పనందుకు."

అప్పటికి ఓ రిక్షా బస్టాండు ముందు ఆగింది. సుబ్రహ్మణ్యం గారు రేకుపెట్టె దింపుకుని, కళ్లు చికిలించి బోర్డులు చదువుకుంటూ ఏలూరు బస్సు ఎక్కారు. మనిషి బాగా సన్నం. కిటికీ పక్కన కూర్చుని ముఖం తుడుచుకుంటున్నారు.

"బుట్ట తీసుకుని లేవరా నాయనా," అంది సీతారావమ్మ. "డ్రైవరెక్కాడు."

పోతురాజు లేచాడు. బుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాడు. ఇవతల నుంచి మాకు మాటలు వినపడలేదు. వాడు కిటికీ కింద నిలబడ్డాడు. ఆయన ఒక కాయ తీసుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని తొడిమ చూశారు. ఏదో అన్నారు. వాడు కదల్లేదు. ఆయన మళ్లీ అన్నారు, ఇంకోసారి కూడా. కండక్టరు బుట్ట అందుకుని లోపల పెట్టాడు. బస్సు కదిలి చెరువు మలుపు తిరిగేదాకా పోతురాజు అక్కడే ఉండిపోయాడు.

వాడు తిరిగొచ్చి బెంచీ మీద కూర్చుంటే సీతారావమ్మ అడక్కుండానే ఇంకో టీ ఇచ్చింది.

"ఏమన్నారు?" అన్నాడు జగన్మోహనరావు.

"ఇరవై తొమ్మిది అన్నారు."

"పలికావా?"

"లేదు. మూడుసార్లు పిలిచినా గొంతు పెగల్లేదు." పోతురాజు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. "చివరికి ఆయనే నా బదులు 'ప్రెజెంట్ సార్' అనేశారు."

ఆ మాట నిజమేనా అని మాలో ఎవరూ అడగలేదు.