మేడమీది హరినాథ్ ట్రాక్ రికార్డు

తిరుపతి, కొర్లగుంట. రిటైరైన ఇంగ్లీషు మాస్టరు దేవనాథన్ ఇంటి వరండా. మేడమీద అద్దెకుండే హరినాథ్‌కి అర్జెంటుగా రెండు ఇంగ్లీషు ముక్కలు కావలసి వచ్చి మెట్లు దిగి వచ్చాడు.

“అట్ల పరిగెత్తుకోని వస్తే ఇంగ్లీషు రాదు హరినాథూ. కూర్చో.”

“కూర్చునేదానికి లేదు సార్. ఒక మనిషి ఇన్నాళ్లూ ఎట్ల నడుచుకున్నాడు, మంచోడా కాదా అని ఇంగ్లీషులో అడిగితే ఏమని చెప్పల్ల? పైన మా ఇంట్లో ఎవురో—”

“ట్రాక్ రికార్డు. అదే గదా? మద్రాసు కంపెనీ ఇంటర్వ్యూలో అడిగింటారు, నువ్వు నోరు తెరిచింటావు.”

“అప్పుడూ అడిగినారు సార్. నీ గురించి ఎవుర్ని విచారించల్ల అన్నారు. మీ పేరు చెప్పి, మాకు ఫోను లేదు గదా, మీ ఫోను నెంబరే పీపీ నెంబరని రాసిచ్చినా. ఫోనేమన్నా వచ్చిందా?”

“తొందరగా కానిద్దాం. మా అబ్బాయి ఋత్విక్‌ని చూసేదానికి సాయంత్రం మైసూరు సంబంధమోళ్లు వస్తారు. మీ కుర్చీలు నువ్వే కిందికి దించల్ల.”

“దించుతా సార్. ఫోను—”

“మొదట మంచి రికార్డు. ‘హి హాజ్ ఎ గుడ్ ట్రాక్ రికార్డ్.’ అను.”

“హి హాజ్ ఎ గుడ్ ట్రాక్ రికార్డ్. ఫోను వచ్చిందా సార్?”

“ఇంకా గట్టిగా చెప్పల్లంటే, ‘హి హాజ్ నెవర్ లెట్ అజ్ డౌన్.’ ఏనాడూ మాకు చెయ్యివ్వలేదని. ఉదాహరణకి నువ్వే. తెల్లారి కొళాయి వస్తే మా బిందెలు నిండినాకనే మీవి పెడతావు.”

“అంత మాట అన్నారు, చాలు సార్. ఆ ఉద్యోగమొస్తే బతికిపోతా. మిల్లు మూసి పని పోయినప్పట్నించీ నా భార్య పల్లవి నన్ను ఏమీ అడగడం లేదు. తిట్టినా బాగుండు.”

“ఇప్పుడు చెడ్డ రికార్డు. ‘హిజ్ ట్రాక్ రికార్డ్ ఈజ్ పూర్. యూ కాంట్ కౌంట్ ఆన్ హిమ్.’ వాణ్ణి నమ్ముకుంటే అంతే సంగతులని.”

“ఏమండీ, నిన్న మద్రాసు ఫోన్లో చెప్పినారే, అది ఇదే గదా?”

“కల్యాణవల్లీ, నువ్వు పోయి కాఫీ చూడు.”

“పాలు యాడున్నాయి? హరినాథ్ తెస్తే గదా.”

“సార్. ఎవుర్ని గురించి చెప్పినారు?”

“లైను సరిగా లేదప్పా. ఎవురో ఇంటి ఓనరు, నీకు ఇల్లు ఇయ్యొచ్చునా అని అడుగుతా ఉండాడేమో అనుకున్నా.”

“అమ్మా, కంపెనీ అని వాళ్లు చెప్పలేదా?”

“చెప్పినారే. మేనేజరంట. ఈయన లేచి నిలబడి మాట్లాడినారు.”

“నిలబడి చెప్పినారా సార్, పూర్ అని?”

“మర్యాద మర్యాదే గదప్పా. చూడు, నీకు ముందు పైన అద్దెకున్న మునస్వామి తాగుబోతు. అడిగినోళ్లకంతా దేవుడని చెప్పినా, ఎవురో ఓనరు వెంటనే వాళ్లింటికి ఎత్తుకోని పోయినాడు. నిన్నట్ల పోగొట్టుకుంటానా? నీ మాదిరి టెనెంటు నాకు మళ్లా యాడ దొరుకుతాడు? నువ్వు మంచోడివి కాబట్టే చెడ్డోడని చెప్పినా. ఒక రకంగా అది పొగడ్తే.”

“పొగడ్త.”

“మనసులో పెట్టుకోవద్దు. ఈ ఊళ్లోనే ఏదన్నా చూద్దాం, నీ గురించి నేను చెప్తా. అవునూ, పైన ఎవురో ఉండారంటివే?”

“మైసూరోళ్లు సార్. మీ ఋత్విక్‌కి పిల్లనిచ్చేవాళ్లు. ఓనరు ఇంటి సంగతి అద్దెకున్నోళ్లనే అడగల్లని, మీకు తెలీకుండా పొద్దున్నే మా ఇంట్లో వచ్చి కూర్చోనుండారు. వాళ్లకి తెలుగు రాదు, నాకు కన్నడం రాదు. అబ్బాయి ఎట్లాంటోడని ఇంగ్లీషులో అడిగినారు, ఇప్పుడే వస్తానని దిగొచ్చినా. మంచిదీ నేర్పించినారు, చెడ్డదీ నేర్పించినారు. పైకి పోయి ఏది చెప్పమంటారు సార్?”